రత్నాలప్ప ఐపీ

ఏటమ్మీ భానూ, పాడేరులో బోర్డు కట్టించినావంట గదా? మీ తాత సెప్పినాడు, "లాయరు భానుశ్రీ అని రాయించినాదిరా సన్యాసీ, రోడ్డుమీంచే కనపడతాది" అనీసి. మంచిది తల్లీ. కూకో, ఆ బల్లమీద కూకో. ఒకటి అడుగుతాను, నవ్వకూడదు. ఐపీ కేసులు సూత్తావా నువ్వు? అదేనమ్మా, అప్పులు తీర్సలేనోళ్ళు కోర్టులో పెట్టుకుంటారే, అది. ఇంగ్లీసు పేరు నాకు నోరు తిరగదు. నాకా? నాకెందుకు, నాకు అప్పిచ్చీవోడెవడు! రత్నాలప్ప గేపకమొచ్చి అడిగినాను. నీకు తెల్దులే, అప్పటికి నువ్వు పాలుతాగీ గుంటవి.

నాకు అక్కలాటిది. ఆవిడది కోట, ఎస్.కోట. మొగుడు ముందే పోనాడు, పిల్లల్లేరు. కోటలో రెండు గదుల పెంకుటిల్లు, అరకులో సంతెనకాల అద్దె షాపు. కొండోళ్ళ కాడ మిరియాలు, కాఫీ గింజలు, రాజ్‌మా కొనీసి కొండ కింద షావుకారుకి ఏసీది. నాను జీపు తోలీవోణ్ణి గదా, ఆవిడ బస్తాలన్నీ నా జీపులోనే. ఈ యాపారంలో సాలామంది కాటా కాడ సెయ్యి ఆడించీవోరు, నా కళ్ళతో సూసినాను. ఈవిడ అలక్కాదు. "సోంబరూ, నువ్వే సూడు, ముల్లు మద్దిన నిలబడ్డాదా నేదా?" అని ఆడిసేతే సెప్పించీది. సోంబరంటే ముంచింగిపుట్టు పైన కొండమీదోడు. పెళ్ళాం సిట్టెమ్మ. ఆడికి తెలుగు సగం, ఒరియా సగం. "నువ్వు సెప్తే అయిపోనాది అమ్మా" అనీవోడు, కాటాకేసి సూసీవోడే కాదు. డబ్బులు పై సంతకిత్తానంటే పై సంతకి ఇచ్చీది. పదేళ్ళు అలగే నడిసినాది. ఒక్క కాయితం లేదు. ఆవిడ కాడ మాత్రం ఒక నోటుబుక్కుండీది, అందులో అందరి పేర్లూ రాసుకునీది.

మరి ఆ యేడు ఏటైనాదంటే, కింద షావుకారు రెండు లోడ్లు అప్పుమీద ఎత్తుకున్నాడు. ఆడి పేరెందుకులే, పిల్లలున్నారు. ఈ వారం, పై వారం అన్నాడు, తరవాత ఫోనెత్తడం మానేసినాడు. ఒకనాడు ఈవిడకి రిజిస్టరు పోస్టొచ్చినాది, కోర్టు ముద్దర ఏసి. ఆ కవరట్టుకుని నా జీపు కాడకొచ్చినాది. "తమ్ముడా, నా మీద కేసు పడ్డాదిరా. నానెవుల్ని ఏటి సేసినాను?" అన్నాది. స్కూలు మేష్టరు కాడికి తీసుకెల్లి సదివించినాను. ఆయన సదివి, "నీ మీద కేసు కాదమ్మా, షావుకారు ఐపీ పెట్టినాడు. ఆడు బాకీ ఉన్నోళ్ళ లిస్టులో నువ్వు పదిహేడో నెంబరు, కబురు సెప్పడానికి పంపినారు" అన్నాడు. అలగన్నా గానీ రెండ్రోజులు ఆవిడకి ముద్ద దిగలేదు. కోర్టు కాయితం అలాటిది. ఏటుందో తెలిసినా బయమే.

షావుకారు డబ్బు పోనాది గదా, ఈవిడ ఊరుకుందా? కొండోళ్ళకి పండగ ముందు సగమైనా ఇవ్వాలనీసి కోటలో ఫైనాన్సోళ్ళ కాడ ఇల్లు కుదవెట్టి తెచ్చినాది. వొడ్డీ మీద వొడ్డీ. ఆళ్ళు బళ్ళేసుకుని అరకొచ్చీసి షాపు గుమ్మంలో కూకునీవోరు. "ఏమ్మా, సచ్చిన మొగుడు దాసిపెట్టిందేటైనా ఉంటే తియ్యి" అని సంత మద్దిలో అరిసినాడొకడు. ఆఖరికి కాటా ఎత్తుకుపోనారు. కాటా పోయిన రోజున ఆవిడ నన్నడిగినాది. "తమ్ముడా, ఆ షావుకారు పెట్టినాడే, ఆ ఐపీ, అది నాలాటోళ్ళు కూడా పెట్టొచ్చునా? దానికి లాయరెక్కడుంటాడు?" నాకేటి తెలుసు! జీపెక్కించినాను.

ముందు పాడేరెల్లినాం. కోర్టు కాడ ఒకాయన, "ఏజెన్సీలో ఇలాంటివన్నీ ఆఫీసర్ల చేతిలో ఉంటాయి, మీ ఇల్లూ అప్పులూ కిందే కదా, కిందకెళ్ళండి" అన్నాడు. కోటెల్లినాం. ఒకాయన భూమి తగాదాలే సూత్తానన్నాడు. ఇంకొకాయన మొత్తం విని నవ్వినాడమ్మా. "ఐపీ పెట్టాలంటే కూడా డబ్బుండాలి తల్లీ, ముప్పయ్యేలు తెచ్చుకో" అన్నాడు. ముప్పయ్యేలుంటే నీ కాడికెందుకొత్తాది బావూ అని నా నోటిదాకా వొచ్చినాది. ఆరు రోజులు తిరిగినాం. ఆఖరికి విజీనారంలో దేవీప్రసాద్ గారని ఒక ముసలాయన దొరికినాడు. మేడ మీద గది, ఫాను కిర్రుకిర్రుమంతాది. ఆయన మాత్రం కూకోబెట్టి, మంచినీళ్ళిచ్చి, సిన్నపిల్లకి సెప్పినట్టు సెప్పినాడు. "అమ్మా, ఐపీ అంటే దొంగతనం కాదు. నాకున్నది ఇంత, ఇవ్వాల్సింది ఇంత, తీర్చలేను అని కోర్టుతో నిజం చెప్పుకోవడం. మీకున్నదంతా కోర్టు మనిషి చేతిలోకి వెళ్తుంది. ఆయన అమ్మి అందరికీ వాటాలేస్తాడు. మీ బట్టలు, వంట గిన్నెలు మీకుంటాయి. ఆ తరవాత ఎవరూ మీ గుమ్మంలో కూర్చోడానికి లేదు. ఒక్కటే, ఎవరి పేరూ దాచకూడదు" అన్నాడు. ఫీజు అయిదొందలు తీసుకున్నాడు, అంతే. మంచోళ్ళుంటారమ్మా. ఉన్నా ఒక్కోసారి పనవ్వదు.

లిస్టు కాడొచ్చినాది సిక్కు. ఫైనాన్సోళ్ళు నలుగురు, షాపు అద్దె, అయిపోనాది అనుకున్నాడాయన. ఈవిడ నోటుబుక్కు తీసినాది. "ఇంకా ఇరవైముగ్గురున్నారు బాబూ, కొండోళ్ళు. సోంబరుకి పద్నాలుగేలు, బుధుకి తొమ్మిదేలు..." అని సదవతన్నాది. ఆయన పెన్ను పక్కనెట్టినాడు. "వాళ్ళ దగ్గర కాయితాలున్నాయా?" లేవు. "వాళ్ళు కోర్టుకి రారమ్మా. రాస్తే ప్రతివాళ్ళకీ నోటీసు వెళ్తుంది, బెదిరిపోతారు. ఆలోచించుకో." ఆవిడ నోటుబుక్కు మూసినాది. అప్పుడన్నాది గదా, "రాయకపోతే ఆళ్ళకి వాటా రాదు గదా బాబూ? రాయండి. నోటీసు కన్నా ముందు నానే కొండెక్కి ఒక్కొక్కరికీ సెప్పుకుంటాను, అది మీ మీద కేసు కాదర్రా అనీసి." నా పేరు కూడా రాయించీసినాది. జీపు కిరాయి, నాలుగేల రెండొందలు. నానడిగినానా? "నీ పేరు దాస్తే తప్పురా తమ్ముడా" అన్నాది.

కేసేసిన నాలుగో రోజునే జొరం. మలేరియా, తలకెక్కినాది. కోట ఆస్పత్రిలో పడ్డాది. మంచంమీంచి నా సెయ్యి పట్టుకున్నాది. "సన్యాసీ, నువ్వెల్లు. బేగెల్లు. నోటీసులెల్లిపోతాయి. సోంబరు తమ్ముడు గంజాయి కేసులో జైల్లో ఉన్నాడు, కోర్టు ముద్దర సూత్తే ఆడు తట్టుకోలేడు" అన్నాది. ఎల్తానప్పా అన్నాను.

డిసెంబరు నెలమ్మా అది. నీకు తెలుసు గదా, వలిసె పూల కాడ ఫొటోలకి జనం, ఒక్క జీపు కాళీ ఉండదు. రోజుకి రెండేలు, మూడేలు. యేడాదంతా కాసుకునీది ఆ నెల కోసమే. రేపెల్దాం అనుకున్నాను. రేపు ఒక ఫేమిలీ దొరికినాది బొర్రా గుహలకి. ఎల్లుండి ఇంకోటి. పోస్టోళ్ళు మాత్రం అంత బేగి కొండెక్కుతారా అనుకున్నాను. అలగ పదకొండు రోజులు.

ఎక్కినారు. ఏలిముద్దర్లు ఏయించుకుని ఇరవైమూడు కవర్లూ ఇచ్చీసినారు. సదవడం రాదు గదా, ఆళ్ళు సంతలో ఒక బ్రోకరుకి సూపించినారు. ఆడు సూసి, "ఓర్నాయనో, మీ అందరిమీదా కోర్టు కేసురా. తలకి అయిదేలిత్తే కొట్టించేత్తాను, లేపోతే పోలీసులొత్తారు" అన్నాడంట. ఆళ్ళకి డబ్బు రావాల్సిన కాయితమమ్మా అది! మేకలమ్మినారు. బుధు కాఫీ తోట మీద పంట ముందే రాసిచ్చీసినాడు. సోంబరు జత ఎద్దులమ్మీసి బ్రోకరు సేతిలో పెట్టి, అయినా బయం తీరక ఒరిస్సా సైడు ఎల్లిపోనాడు. ఏటి పని దొరికిందో, ఎక్కడున్నాడో, మళ్ళీ రాలేదు. ఇప్పటికీ రాలేదు.

సిట్టెమ్మొచ్చినాది ఆస్పత్రికి. సంకలో పిల్ల, సేతిలో ఆ కవరు. నాను అక్కడే ఉన్నాను, పళ్ళట్టుకెల్లినాను ఆరోజు. అది అరవలేదు, తిట్టలేదు. కవరు మంచంమీద పెట్టి, "అమ్మా, నీకు మేం ఏటి బాకీ?" అనడిగినాది. అంతే అడిగినాది. రత్నాలప్ప ఆ కవరు సూసినాది. నాకేసి సూసినాది. "తమ్ముడా, నువ్వెల్లలేదా?" అన్నాది. నానేటన్నానో తెలుసా? "ఎల్లినానప్పా, ఊళ్ళో ఎవులూ లేరు, పోడు సేలకెల్లిపోనారు" అన్నాను. సిట్టెమ్మ నా మొహంకేసి సూసినాది. దానికి తెలుసు. కవరు అక్కడే వొదిలీసి ఎల్లిపోనాది.

రెండేళ్ళకి కోర్టు తేల్సినాది. ఇల్లమ్మినారు, కుదవ మీద సగం పైన ఫైనాన్సోళ్ళకే ఎల్లిపోనాది. కొండోళ్ళకి తలకి వెయ్యో పదకొండొందలో లెక్క తేలినాది, అదీ బేంకు బుక్కున్నోళ్ళకి. దేవీప్రసాద్ గారు సంతోసంగా, "ఇంక మీరు ఎవరికీ బాకీ లేదమ్మా, డిశ్చార్జి అయిపోయారు" అన్నాడు. ఈవిడ, "ఎవులు సెప్పినారు బాబూ?" అన్నాది. ఆయన కళ్ళజోడు తుడుసుకున్నాడు. మరి ఆవిడ సరాసరి కొండెక్కీసి సిట్టెమ్మ ఇంటికాడే ఉండిపోనాది. దాని కాఫీ తోటలో పళ్ళు కోసీది, మోసీది, కూలి తీసుకునీది కాదు. సిట్టెమ్మ మాటాడీది కాదు. పొద్దుట అంబలి మాత్రం గుమ్మంలో పెట్టీది, ఈవిడ తాగీది. మూడు పంటలు అలగ. ఆ మూడో పంటలో మళ్ళీ జొరం తిరగబెట్టినాది.

కబురంపితే ఎల్లినాను. ఎముకలే మిగిలినాయి. నా పేరెట్టి పిలిసినాది. "సన్యాసీ, నువ్వెల్లినావు గదా అప్పుడు? ఊళ్ళో ఎవులూ లేరు గదా?" అన్నాది. సిట్టెమ్మ అక్కడే పొయ్యి ఊదతన్నాది. ఊదడం ఆపీసినాది.

"ఎల్లినానప్పా" అన్నాను.

"అలగైతే సరే" అన్నాది.

...ఏటి? ఏటీ లేదు. అంతే. ఎల్లమ్మా, మీ తాత సూత్తా ఉంటాడు, ఎల్లు.