ఐదో భాగంలో పడవవాడు

వీడియో గేములో ఐదో భాగం ఆడడం ముగించి, చెల్లెలు తిన్నగా అన్న పనిగదిలోకి వెళ్ళింది. ఆ గేముకు కథ రాసింది అతనే.

"అన్నయ్యా, పడవవాడు చచ్చిపోయాడు! నాలుగు భాగాలూ వాణ్ణి కంటికి రెప్పలా కాపాడుకొచ్చాను."

"బాగా ఏడిపించిందా?"

"మొదట్లోనే వాణ్ణి వదిలేసినవాళ్ళకో?"

"అప్పుడూ పోతాడు."

"మరి గేములో ప్రతిసారీ వాణ్ణి ఏం చెయ్యమంటావని మమ్మల్ని అడగడమెందుకు?"

"అడిగితే చాలు తల్లీ, ఆడేవాళ్ళకి అదో తృప్తి."



"నాన్న ఆపరేషన్‌కి కూడా ఒప్పుకుందామా అని ఇలాగే నన్నడిగావు. నేను సరేనన్నందుకే నాన్న పోయాడని రెండేళ్ళుగా కుమిలిపోతున్నాను. నన్నడిగేనాటికే ఆస్పత్రి కాగితాల మీద సంతకం పెట్టేశావా?"

"...ముందురోజే. నిన్నూ అడిగినట్టుంటుందని..."

"ఇక నన్నేదీ అడక్కు" అని ఆమె బయటికి నడిచింది.