అమావాస్య నాడు కదిలిన ఉమ్మనీటి పెట్టె

1991 ఆగస్టు 19వ తేదీన శ్రీమతి ప్రమోద గారు కామారెడ్డిలోని మన వైద్య పరీక్షాకేంద్రంలో టెక్నీషియనుగా చేరారు. ఆనాటికి మన ఆస్తి ఒక మైక్రోస్కోపు, ఒక పాత ఫ్రిజ్. వాటికంటే విలువైనది ఆ రోజే సమకూరిందని తెలియడానికి మాకు కొంతకాలం పట్టింది.

తరువాత ఎల్లారెడ్డి శాఖను నిలబెట్టే బాధ్యత స్వీకరించి, సూదికి జడిసే బీడీ కార్మికురాళ్లను సైతం మాటలతోనే కుర్చీలో కూర్చోబెట్టారు. నమ్మకం ముందు, నమూనా తరువాత అన్నది వారి లెక్క. ఆ లెక్కతో మన కేంద్రం ఏనాడూ నష్టపోలేదు.

కామారెడ్డికి తిరిగివచ్చాక, గర్భిణుల ఉమ్మనీటి నమూనాలను హైదరాబాదులోని జన్యు ప్రయోగశాలకు పంపే విభాగాన్ని చేపట్టారు. బిడ్డ నుంచి రాలిన సజీవ కణాలు ఆ నీటిలో ఉంటాయి. వాటిని అక్కడ పెంచి, క్రోమోజోముల లోపం ఉందో లేదో చూస్తారు. ఆలస్యమైతే కణాలు చచ్చిపోతాయి, తల్లికి మళ్లీ సూది తప్పదు.

ఎల్లారెడ్డి దగ్గరి పల్లెకు చెందిన అనిలకు అటువంటి లోపం వల్లనే తొలి బిడ్డ దక్కలేదు. రెండవ గర్భంలో డాక్టరు గారు ఉమ్మనీరు తీసి మన కేంద్రానికి పంపారు. ఆ నమూనా ఉన్న పెట్టె హైదరాబాదు కారెక్కబోతుండగా అత్త భూమక్క వచ్చి దాని మీద చెయ్యి వేసింది.

"ఇయ్యాల అమాస! కడుపుల నీళ్లు ఊరు దాటిస్తరా? ఎల్లుండి పంపుండ్రి."

అనిల భర్త జీవన్ నసిగాడు. "అమ్మ వద్దంటుంది గద మేడం..."

"నువ్వూకో. సూది గుచ్చింది నీకు కాదు," అని ప్రమోద గారు భూమక్క వైపు తిరిగారు. "అవ్వా, నారు పీకినంక అమాస వస్తే రెండొద్దులు గట్టు మీదనే పెడ్తవా?"

"గట్లెట్ల పెడ్త? ఎండి సస్తది!"

"ఇది గూడ పీకిన నారే. ఇయ్యాలనే నాటాలె."

భూమక్క చెయ్యి తీసింది గాని పక్కకు జరగలేదు. "అయితే ముత్తయిదువ ఎదురు రావాలె. బిందె తేండ్రి, నేనే వస్త."

డ్రైవరు నవ్వబోయాడు. ప్రమోద గారు అతన్ని ఆగమని, బిందె లేకపోవడంతో బకెట్టు నీళ్లతో నింపి ఇచ్చారు. భూమక్క నిండు బకెట్టుతో ఎదురొచ్చాకే కారు భిక్నూర్ మీదుగా హైదరాబాదు దారి పట్టింది. ఖర్చయింది కాసేపు; మిగిలింది ఇంటిల్లిపాది సమ్మతి.

కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. ప్రమోద గారు ఫోను చేస్తే భూమక్కే ఎత్తింది.

"బిడ్డకు ఏ లోపం లేదవ్వా."

"పిలగాడా, పిల్లనా అని అడుగనులే. నువ్వు చెప్పవు, జైలంటవు. మా కోడలు సరిగ్గ అన్నం తింటలేదు, జర దానికి చెప్పు."

అనిల ఫోను అందుకొని అదే మాట విన్నది. "ఇంకోపారి చెప్పు మేడం," అన్నది. ప్రమోద గారు మళ్లీ చెప్పారు.

అన్ని ఫలితాలూ అటువంటివి కావు. చెడువార్త వచ్చిన రోజుల్లో డాక్టరు గారి గదిలో ఆ తల్లి పక్కన కూర్చున్నదీ వారే.

ఇన్నేళ్లూ పరుల బిడ్డల క్షేమవార్త కోసం ఎదురుచూసి, నేడు పదవీ విరమణ చేస్తున్న ప్రమోద గారికి నిండు ఆరోగ్యం, దీర్ఘాయువు కలగాలని మనసారా కోరుతున్నాము. ఇకమీదట ఫోను చేసి క్షేమం అడిగేది మేము. మంచిగున్నానని చెప్పవలసింది వారు.