మధ్యలో స్టేషన్లుండవు

మిట్టమధ్యాహ్నం బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం ఎండకు కాలిపోతోంది. రంగూన్‌లో ఉన్న మొగుడి దగ్గరికి బయలుదేరిన రైలింజన్ల షెడ్డు మేస్త్రీ కూతురు, చెంబు కాళ్ల దగ్గర పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. అన్న టికెట్లకు వెళ్లాడు. పక్కన ఖాళీ చెంబుతో ఒకావిడ ఉంది. ఎప్పుడొచ్చి కూర్చుందో పిల్ల చూడలేదు.

"ఇశాపట్నంలో స్టీమరెక్కుతావా పిల్లా? ఇదే తొలిసారేటి?"

"అవును పిన్నీ. రైలు తప్ప ఏటీ ఎక్కలేదు. బయంగా ఉంది."

"చింతపండు కొంగున కట్టుకో, కడుపులో తిప్పితే చప్పరించు. డెక్కు మీద నడిమిన పక్కేసుకో, అంచుకి పోకు. నీళ్లు ముందే నింపుకో."

"దారిలో పట్టుకుంటాను కదా?"

"మధ్యలో స్టేషన్లుండవు. మన రైలోళ్లకి అదే గుర్తుండదు. నిద్దట్లో గంట వినిపిస్తాది, అచ్చం మన స్టేషన్ గంటే. చెంబు పట్టుకుని లేవకు."

"లేస్తే ఏటవుతాది?"

"ప్లాట్‌ఫారమనుకుని దిగిపోతావు."

పిల్ల నవ్వబోయి ఆగింది. అంత ఎండలోనూ ఆవిడ కుచ్చిళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"నువ్వెప్పుడెల్లినావు పిన్నీ?"

"నీ ఈడులోనే. నా పెనిమిటీ అక్కడే ఉండేవోడు."

"మరి తిరిగెప్పుడొచ్చినావు?"

స్టేషన్ గంట మోగింది. ఆవిడ చెంబు తీసుకుని లేచింది.

"బండి ఆగినట్టుంది. నీళ్లు పట్టుకొస్తాను. నా సామాను చూస్తుండు."

ఆవిడ ప్లాట్‌ఫారం అంచు దాకా నడిచి, దిగిపోయింది. పట్టాల మీద బండీ లేదు, మనిషీ లేదు. బెంచీ మీద సామానూ లేదు. ఆవిడ కూర్చున్న చోట తడి ఆరి, ఉప్పు తెల్లగా మిగిలింది.

అప్పుడు చూసుకుంది పిల్ల. గంట వినగానే తనూ లేచి నిలబడింది. చేతిలో తన చెంబుంది.