గేటు మీద తీగ

పెరటి గుమ్మంలో కూతురు. కింది మెట్టు మీద, బతుకంతా ఊళ్లోవాళ్ల ఇళ్లకి తోటలు వేసిన ఆమె తండ్రి, చీపురుపుల్లతో మట్టిలో గీతలు గీస్తున్నాడు. వంటగదిలో ఆమె భర్త.

"కాదమ్మా, తిన్నగా వేస్తే ఎలా? తిన్నగా వెళ్లిన దారి ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. అది ఆగినచోట మనిషి బిక్కమొహం వేసుకుని నిలబడిపోతాడు."

"మరెలా?"

"గుండ్రంగా తిప్పు. గుమ్మం దగ్గర మొదలై గుమ్మం దగ్గరికే రావాలి. ఇంతకీ ఎవరి పెరడన్నావు?"

"మా ఆఫీసులో ఒకావిడదని చెప్పాను కదా నాన్నా. వాళ్ల మామగారికి మతిమరుపు. వీధిలోకి వెళ్లిపోతున్నారట. పెరట్లోనే తిరిగేలా ఏదైనా చెయ్యాలని."

"ఎంత పెరడు?"

"ఇంతే ఉంటుంది. మనదంత."

"గుమ్మం?"

"ఇటే."

"గేటు?"

"ఆ మూలే."

"అచ్చు గుద్దినట్టుందే. రెండిళ్లూ ఒకడే కట్టుంటాడు."

"అయ్యుండొచ్చు."

"సరే, జాగ్రత్తగా విను. నువ్వు కూడా మర్చిపోయావంటే ఈ ఇంట్లో ఇక అడ్రసు చెప్పేవాడుండడు. దారికి కంకర వద్దు, కాలి కింద దొర్లుతుంది. నున్నటి పలకలూ వద్దు. ఎర్రమట్టి పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టించాలి. ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు."

"నడిచేది ఆయనొక్కడే కదా."

"చెయ్యి పట్టుకునేవాళ్లు లేరా?"

"ఉన్నారు. ఉద్యోగాలు."

"అయినా ఇద్దరికి సరిపడా వెయ్యి. చోటంటూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు వస్తారు."

"నీడకి వేపచెట్టు వెయ్యమందామా?"

"వేస్తే గోడవారగా. దారి మీద నీడ పడకూడదు. మిట్టమధ్యాహ్నం నేల మీద నల్లగా నీడ పడితే గొయ్యిలా ఉంటుంది. ఇక కాలు ముందుకి పడదు."

"నీకెలా తెలుసు?"

"ఏమిటి?"

"గొయ్యిలా ఉంటుందని."

"ఎవరో అన్నార్లే. ఈ చేతికి కట్టేమిటే?"

"మొన్న పడ్డావు కదా నాన్నా. పెద్దరోడ్డు మీద. లారీ అతను పక్కకి తిప్పాడు కాబట్టి సరిపోయింది."

"రోడ్డు మీద నాకేం పని?"

"ఎవరిదో తోట చూడాలని బయల్దేరావట."

"చూశానా?"

"లేదు."

"పొద్దున వీధి తలుపు ఎవరు బాదారు అంతసేపు?"

"గాలి నాన్నా."

"తాళం తియ్యమని అరిచింది కూడా గాలేనా?"

"బెంచీ ఎక్కడ వెయ్యమంటావు?"

"వంటగది కిటికీకి ఎదురుగా. కూర్చున్నవాడికి లోపలి మనిషి కనపడాలి, లోపలివాళ్లకి వాడు కనపడాలి. వెళ్లాలనుకునేవాడికి గోడ చూపిస్తే గోడ బాదుతాడమ్మా. దారి చూపిస్తే నడుస్తాడు. నడిచి నడిచి, ఎందుకు బయల్దేరాడో మర్చిపోయి, లోపలికొచ్చి మంచినీళ్లడుగుతాడు."

"ఏమోయ్, గేటు సంగతి అడిగావా?"

"అడుగుతున్నానండీ."

"పొద్దున్నించీ అడుగుతూనే ఉన్నావు. మీ అన్నయ్య మళ్లీ ఫోన్ చేశాడు. ఇది తేలకపోతే సోమవారం వచ్చి మీ నాన్నని వృద్ధుల హోముకి తీసుకెళ్లిపోతాట్ట."

"మెల్లగా అనండీ."

"అల్లుడుగారు ఏ గేటంటున్నారు?"

"ఏం లేదు నాన్నా. మొక్కల సంగతి చెప్పు."

"ముళ్లవి వద్దు. గన్నేరు అసలే వద్దు, చేతికందిందల్లా నోట్లో పెట్టుకునే రోజొకటి వస్తుంది. బెంచీ పక్కన మల్లె. ఈ మలుపులో కరివేపాకు, ఆ మలుపులో నిమ్మ. కళ్లు బొంకినా ముక్కు బొంకదు. ఈ తలుపుకి పసుపు రంగు వేయించు. ఎక్కడ నిలబడ్డా ఇల్లు ఇటని తెలియాలి."

"ఊఁ."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"ఏమీ అడగవా?"

"ఊహూఁ."

"సరే అయితే. అదేమిటి మేడం గారూ, ఎండలో నిలబడ్డారు? నీడలోకి జరగండి."

"నాన్నా?"

"సారు లోపలున్నారా? ఆయన కూడా ఓసారి చూస్తే మంచిది. తర్వాత అక్కడెందుకు తవ్వావు, ఇక్కడెందుకు పూడ్చావు అంటే మాట పడలేను."

"నాన్నా, నేను."

"మాకు ఎండ అలవాటే మేడం. చెప్పండి, మీకేం కావాలి? పనివాడి దగ్గర మొహమాటమేమిటి?"

"గేటు."

"గేటుకేమైంది?"

"అది కనపడకూడదు... మేస్త్రి గారూ."

"ఓస్, అదెంత పని. గోడ రంగే గేటుకీ వేయించండి. గడియ బయటివైపుకి మార్పించండి. పైన జాలీ బిగించి రాధామనోహరం పాకించండి. ముల్లుండదు, గుబురుగా అల్లుకుంటుంది. కళ్లకి కనపడకపోతే కాళ్లు అటు పోవు. ఎవరికోసం మేడం?"

"మా నాన్న కోసం."

"వెళ్లిపోతున్నారా?"

"మొన్న వెళ్లారు. నేను కిటికీలోంచి చూశాను. గేటు తీసుకుని వెళ్లారు. కాళ్లకి చెప్పుల్లేవు."

"పిలిచారా?"

"పొయ్యి మీద పాలున్నాయి."

"పొయ్యి ఆపొచ్చుగా."

"ఆపొచ్చు. ఆపలేదు. పాలు పొంగేదాకా చూస్తూ నిలబడ్డాను. పొంగాయి. పొయ్యి తుడిచాను. గట్టు తుడిచాను. అప్పుడు వెళ్లాను."

"ఊఁ."

"అప్పటికే రోడ్డు మీద జనం. తుడుస్తున్నంతసేపూ నేనేమనుకున్నానో తెలుసా? ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో అనుకున్నాను."

"సారుకి చెప్పారా?"

"ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమంటారు? ఏమీ అనరు. ఇక రోజూ ఆ కిటికీ వైపు చూస్తారంతే. మీకు చెప్తే పరవాలేదు, మీరు బయటివారు."

"ఔను, బయటివాణ్ణి. ఒకటడుగుతాను మేడం. ఆ గేటు కనపడకూడనిది ఆయనకా, మీకా?"

"ఇద్దరికీ."

"అయితే తీగ ఒత్తుగా వెయ్యాలి."

"ఒక్కోసారి ఆయనకి నేనెవరో తెలియదు. అప్పుడు నాకు హాయిగా ఉంటుంది మేస్త్రి గారూ. తెలిసినప్పుడే భయం."

"తెలిసినప్పుడు ఆయనకీ అంతే అయ్యుంటుంది."

"ఏమోయ్, తేలిందా?"

"తేలిందండీ. తీగ పాకిస్తే చాలంటున్నారు. రానక్కర్లేదని అన్నయ్యకి చెప్పెయ్యండి."

"నిజంగానా? ఆయనే అన్నారా?"

"ఆయనే అన్నారు. మేస్త్రి గారూ, మొక్కలు రేపు తెప్పిస్తాను. పనివాళ్లని పక్కన పెట్టుకుని మీ చేత్తోనే నాటండి. మీరు నాటింది ఎండిపోదంటారు."

"దారి వేయిస్తాను. బెంచీ వేయిస్తాను. మల్లె నాటుతాను. ఆ తీగ మాత్రం నాటను."

"అదేమిటి మేస్త్రి గారూ?"

"ఇక ఆ మేస్త్రి గారు చాల్లే అమ్మా. నాన్నని అడగలేక నానా అవస్థా పడుతున్నావని మేడం అన్నాను."

"అంటే... ఆ పాల సంగతి..."

"విన్నాను. రేపటికల్లా మర్చిపోతాన్లే. తల ఎన్నయినా మర్చిపోతుంది గానీ ఈ చేతులే మర్చిపోవు. నేను నాటితే ఆ తీగ వెనక గేటుందని వీటికి గుర్తుండిపోతుంది. నేను పడుకున్నాక నువ్వే నాటెయ్యమ్మా."