తల్లి లేదని రాసిన చోట

తిరుపతిలో ఒక బాలల ఆశ్రమం. సూపరింటెండెంట్ జయరామ్ గది. కేసుల విచారణ చూసే రూపశ్రీ ఆయన ఎదుట నిలబడి ఉంది.

“పిల్లోళ్ల ఫోటోలు అతికించాల, టీకాల కార్డులు జత చేయాల, బడి నుంచి మార్కులు తేవాల, మునిప్రసాద్ ఫైలులో సంతకం పెట్టాల. మొన్న మీరు చెప్పిన పనులు ఇవే గదా సార్. మూడు చేసినాను. నాలుగోది చేయను.”

“చేయవా? రేపు బాలల సంక్షేమ కమిటీ ముందర ఆ ఫైలు పెట్టాలమ్మా. వాణ్ణి దత్తతకు ఇచ్చేది లేనిది రేపే తేలేది.”

“అందుకే చేయను. ‘ఇంటికి పోయి విచారించినాను, తల్లి చనిపోయింది, ఇంకెవరూ లేరు’ అని మీరే రాసి, కింద నా పేరు టైపు కొట్టించినారు. నేను యాడికి పోయినాను సార్?”

“అన్నీ అట్లనే రాస్తామమ్మా. కొత్తదానివి, నీకు...”

“నిన్న పోయినాను. పాకాలకు, వాళ్ల ఊరికి.”

“ఎవరు పొమ్మన్నారు?”

“ఎవరూ పొమ్మనలేదు. సంతకం పెట్టాలంటే చూసి రావాల గదా. వాళ్లమ్మ బతికే ఉండాది సార్. స్టేషన్ పక్కన ఇడ్లీ అంగట్లో గిన్నెలు తోమతాంది. ఆమె టీబీతో ఆస్పత్రిలో పడింటే, పక్కింటోళ్లు బిడ్డను తెచ్చి మీకు అప్పజెప్పినారంట. తల్లి ఆస్పత్రిలో ఉండాదని మీకు చెప్పే ఇచ్చినామన్నారు.”

“చెప్పినారు.”

“చెప్పినారా.”

“చెప్పినారులేమ్మా. సూడు, ఆ పొద్దు వాన. తల్లి ఉండాదని రాస్తే ఆమె సంతకం కావాల. ఆమెకు స్పృహ లేదు. లేదని రాస్తే అప్పటికప్పుడే చేర్చుకోవచ్చు. బిడ్డ తడిసి వణకతా ఉండాడు. నువ్వైతే ఏం చేసింటావు?”

“చేర్చుకోనింటాను. మర్నాడు దిద్దింటాను. మీరు దిద్దలేదు. ఆమె బాగయ్యి గేటు కాడికి వస్తే, ‘ఫైలులో తల్లి లేదు, నువ్వెవరు’ అని తిప్పి పంపించినారు. ఒకసారి కాదు, మూడుసార్లు.”

“గట్టిగా మాట్లాడొద్దు. ఇప్పుడు దిద్దితే నా ఉద్యోగం పోతాది.”

“దిద్దకపోతే ఆమెకు కొడుకు పోతాడు.”

“వాడికి మంచి ఇల్లు దొరకతాందమ్మా. గిన్నెలు తోమే మనిషి ఏం పెట్టి సాకతాది?”

“మా అమ్మ కూడా గిన్నెలే తోమింది సార్. తోమే నన్ను డిగ్రీ చదివించింది. అది తేల్చేది మీరూ కాదు, నేనూ కాదు. ఉన్నది ఉన్నట్టు రాయండి. కమిటీ తేలుస్తాది.”

“వాడి మనసు కుదురుకునింది, అది ఆలోచించవా? అమ్మ పోయిందని చెప్పినాం. ఏడ్చినాడు, అయిపోయింది. అమ్మ చచ్చిపోతే కొడుకు గుండు చేయించుకోవాలంట గదా అని వాడే అడిగి, పోయిన వారం గుండు గీయించుకున్నాడు. ఇప్పుడు మళ్లీ కదిలిస్తావా?”

“కదిలించేసినాను. ఆమెను పిలుచుకొచ్చినాను. ఇద్దరూ వరండాలో ఉండారు.”

“వాడు... గుర్తుపట్టినాడా?”

“ఆమె కొంగు పట్టుకోని నిలబడినాడు, అంతే. ఆమే మాట్లాడింది. వాడి గుండు నిమిరి నవ్వింది సార్. ‘కొండకు పోయినావా నాయనా, నాకు బాగవ్వాలని మొక్కుకున్నావా’ అని అడిగింది. దానికి జవాబు మీరు వచ్చి చెప్పండి. ఆమె పేరు అలివేలమ్మ. మీ ఫైలులో యాడా రాయలేదు గదా, కనీసం గుర్తు పెట్టుకోండి.”