తడి చెక్క

విస్కాన్సిన్‌లో మంచు కరిగే రోజులు. గరాజు గుమ్మంలో వెర్లిన్, ట్రక్కు తాళాలు గుప్పిట్లో దాచుకుని అతని కూతురు మార్లా. వెనక బిగుసుకుపోయిన కొత్త రంపం మిషను.

"తప్పుకో మార్లా. ఊరవతల ఆ డ్వైట్‌గాడి ఇంటికెళ్ళి నా పాత మిషను నేను తెచ్చుకుంటా."

"ఆయనకి ఇచ్చేశాం కదా నాన్నా."

"మీరిచ్చారు! నువ్వూ మీ అమ్మా! ఇచ్చి ఈ పిరికిగొడ్డుని నా నెత్తిన పెట్టారు. నెల తిరక్కుండానే ఢామ్మని పేలి చచ్చింది!"

"పేలలేదు. బ్రేకు పడింది. బ్లేడు ఒంటికి తగిలితే ఆగిపోవడమే దాని పని."

"తడి చెక్క తగిలినా ఆగుతుందటగా? అదే అయింది. చెక్కని చూసి వేలనుకుంది, తెలివితక్కువది! బ్లేడు పోయింది, బ్రేకు ముక్కా పోయింది. నా పాతది ముప్పై ఏళ్ళు..."

"ముప్పై ఏళ్ళు నోరెత్తకుండా కోసింది. విన్నాను."

"మళ్ళీ విను! దాని బ్లేడు మీద మూత కూడా పెట్టలేదు నేను. పది వేళ్ళూ ఉన్నాయా లేదా?"

"అప్పుడు నీ చెయ్యి నీ మాట వినేది. పక్షవాతం రాకముందు."

"డాక్టరు చిన్నదన్నాడు!"

"చిన్నదే. మొన్న చేతిలోంచి కాఫీ కప్పు..."

"కప్పు జిడ్డుగా ఉంది."

"కప్పుది జిడ్డు, చెక్కది తడి. నీదేం లేదు."

"నోరు ముయ్యి. తాళాలియ్యి."

"ఇవ్వను. మాటంటే మాటే. బ్లేడు ఒక్కసారి చేతికి తగిలితే గరాజు తాళం కూడా నాకిచ్చేస్తానన్నావు. అమ్మ ముందే అన్నావు."

"తగిల్తే కదా! తాళం తీసుకుని ఏం చేస్తావే? టీవీ ముందు కూలేసి జావ పోస్తావా? ఫ్యాక్టరీవాళ్ళు నన్ను గెంటేసిన రోజు ఎక్కడికొచ్చాను? ఇక్కడికి. ఇదొక్కటే నన్ను మనిషిలా నిలబెట్టింది. దీనికి తాళం వేస్తే నాకు వేసినట్టే, తెలుసా?"

"తెలుసు. ఆ చెక్కేది?"

"ఏ చెక్క?"

"తడి చెక్క."

"పొయ్యిలో పడేశా."

"తడిదేగా? కాలిందా?"

"నువ్వేమన్నా పోలీసువా?"

"ఎడం చెయ్యి జేబులోంచి తియ్యి."

"చలి."

"కుడిచేతికి లేదా చలి? తియ్యి నాన్నా. బొటనవేలి మీద ఆ గీతేంటి?"

"పుల్ల గుచ్చుకుంది."

"పుల్ల గుచ్చుకుంటే చుక్క పడుతుంది. గీత పడదు."

"గీసుకుంది! గుచ్చుకుని గీసుకుంది! చాలా? కన్నతండ్రిని దొంగని చేస్తున్నావు."

"సరే. పాడైన ఆ బ్రేకు ముక్క కంపెనీకి పంపుదాం. తగిలింది చెక్కో ఒళ్ళో దాంట్లో చూసి చెప్పేస్తారు. చెక్కయితే కొత్త బ్రేకు నువ్వే కొనుక్కోవాలి. ఒళ్ళయితే ఊరికే ఇస్తారు."

"ఒకడి భిక్ష నాకక్కర్లేదు! చెక్కే అది. నేనే కొనుక్కుంటా. అయినా ఏం పంపుతావు? అప్పుడే చెత్తలో పారేశా. బండి తీసుకుపోయింది."

"తీసుకుపోలేదు."

"ఏంటి?"

"అమ్మ చెత్తడబ్బాలోంచి తీసింది. ఆ వారమే పోస్టు చేసేసింది."

"ఎవరినడిగి? ఎవరినడిగి పంపింది? ఏమన్నారు వాళ్ళు? చెక్కనే కదా? చెప్పవే! కొత్తదానికి ఎంత కట్టమన్నారు?"

"కొత్త బ్రేకు పొద్దున్నే వచ్చింది నాన్నా, ఇదిగో. ఒక్క సెంటు కూడా అడగలేదు."