ఏ మూల వేసినా

రాయపూర్ నుంచి మందిర్ హసౌద్ వెళ్లే దారిలో, పెద్ద వయసువాళ్ల కోసం కట్టిన కాలనీ. మధ్యాహ్నం పూట గార్డుల గదిలో ఒళ్లు మండిపోతూ సెక్యూరిటీ సూపర్‌వైజరు రెబెకా. ఆమె ఎదుట టోపీ చేత్తో పట్టుకుని గార్డు మహేంద్ర.

“కూచోమన్లేదు, నిలబడు. ఆ టోపీ పెట్టుకో. మళ్లీ అడుగుతున్నా, మా నాన్నకి ఏం మందు పెట్టావ్?”

“మందేటి మేడం, రామ రామ!”

“మరి? మెయిన్ గేటులో వేస్తే అక్కడ నీ పక్కన ఆయన కుర్చీ. తోటలోకి మారిస్తే తోటలో కుర్చీ. ఆఖరికి జనరేటర్ దగ్గర, ఆ కంపులో, ఆ మోతలో వేశాను. అక్కడా కుర్చీ! ఎవరు మోస్తున్నారది?”

“నేనే మేడం. అంకుల్‌జీ మోస్తే నడుం పట్టేస్తాది కదా.”

“అబ్బో! నడుం సంగతి కూడా నువ్వే చెప్పాలి నాకు.”

“అలాగని కాదు మేడం...”

“టీవీ హాలుంది, క్యారమ్స్ ఉంది, ఇంతమంది పెద్దవాళ్లున్నారు. గార్డులు కావాలంటే ఉమేష్ ఉన్నాడు, చందు ఉన్నాడు. నీ దగ్గరే ఎందుకు? నీ దగ్గరేముంది?”

“నా దగ్గరేటుంటాది మేడం, ఖైనీ డబ్బీ తప్ప.”

“డ్యూటీలో పొగాకా?”

“లేదు మేడం. ఉందన్నాను. తింటానన్లేదు.”

“ఇందుకే నీ మీద ఓ కన్నేసి ఉంచాల్సొస్తోంది. కొత్తలో కునుకు తీస్తూ దొరికావు, అప్పుడే అనుకున్నా. సరే చెప్పు, ఏం మాట్లాడుకుంటారు ఇద్దరూ?”

“ఏదో, రైలు కబుర్లు. అంకుల్‌జీ గూడ్సు బండికి గార్డుగా చేసినప్పటివి.”

“ఏవి?”

“అదే, టిట్లాగఢ్ అవతల బండి ఆగిపోతే ఎలుగుబంటి వచ్చి గార్డుండే బ్రేకు వ్యానెక్కేసింది కదా, అది.”

“ఎలుగుబంటా?”

“మీకు తెలీదా మేడం?”

“నాకెందుకు తెలీదు! తెలుసు. తర్వాతేమైంది?”

“తెలుసన్నారు కదా.”

“నీకెంత తెలుసో చూస్తున్నా. చెప్పు.”

“రొట్టెల డబ్బా దాని ముందు పెట్టేసి, అంకుల్‌జీ అటువైపు దిగి ఇంజన్లోకి లగెత్తారట. డబ్బా కూడా వదల్లేదట అది.”

“నాకు చెప్పలేదు.”

“అరే, మీరే కదా తెలుసని...”

“చుప్! రోజూ డ్యూటీ దిగాక ఆయన రూముకెళ్తాను. ‘తిన్నావా? స్కూటీ మెల్లిగా నడుపు.’ ఇంతే. నా సొంత నాన్న! ఎలుగుబంటి నీకు, స్కూటీ నాకు. ఆగు, మెళ్లో ఏంటది?”

“విజిలు మేడం.”

“కంపెనీ విజిలు ప్లాస్టిక్‌ది. ఇది ఇత్తడిది. ఎక్కడిది?”

“అంకుల్‌జీ...”

“చిన్నప్పుడు నేను దాన్ని ముట్టుకుంటే చేతి మీద ఒక్కటిచ్చేవాడు తెలుసా? మా తమ్ముడు సునీల్ ఊదాడని వాడితో మాట్లాడ్డం మానేశాడు. నీకిచ్చేశాడా?”

“ఇచ్చేయలేదు మేడం. డ్యూటీ అయ్యాక తీసేసుకుంటారు.”

“ఎందుకిచ్చాడు?”

“నాకు... కునుకు పట్టకుండా.”

“అబద్ధం.”

“అబద్ధమే మేడం.”

“బాగుంది! ఇంక నువ్విక్కడొద్దు. రేపట్నుంచి బియ్యం మిల్లు దగ్గర డ్యూటీ. నేను ఆఫీసుకి చెప్పేస్తా.”

“మంచిది మేడం.”

“మంచిదా?”

“పంపించేయండి. అక్కడ బస్తాలే కదా, నెమ్మదిగా ఉంటాది.”

“మా నాన్న కొడుకులా నెత్తిన పెట్టుకుంటే నీకు నెమ్మది కావాల్సొచ్చిందా? సిగ్గులేదూ?”

“మరి ఉండమంటారా, ఎల్లమంటారా?”

“నన్నడక్కు! ఆయనకి నేనేం తక్కువ చేశాను? అమ్మ పోయాక ఒంటరిగా ఉండలేడని, నా కళ్ల ముందే ఉంటాడని ఇక్కడ తెచ్చిపెట్టుకున్నాను.”

“డ్యూటీలో పలకరించొద్దన్నారట కదా.”

“అన్నాను. వచ్చిన మొదటిరోజే పెరేడ్ మధ్యలో ‘అమ్మడూ’ అని అరిచాడు. మీరంతా ముసిముసి నవ్వులు. గార్డుల ముందు నాకు పరువుండక్కర్లేదా? యూనిఫాంలో ఉంటే మేడం అను, లేకపోతే ఊరుకో అన్నాను. అది తప్పా?”

“తప్పు కాదు మేడం. అంకుల్‌జీ కూడా అదే అంటారు.”

“మరి డ్యూటీ అయ్యాక వెళ్తున్నాగా!”

“తాళం చేతిలో పట్టుకునే నిలబడతారటగా.”

“ఏ తాళం?”

“స్కూటీది. కుర్చీ చూపించినా కూచోరట. ‘తెలీబంధా దాకా పోవాలి పాపం, ఇంట్లో పిల్లలు చూస్తుంటారు’ అంటారు అంకుల్‌జీ.”

“అది కూడా నీకే చెప్పాడూ. నాకు కుళ్లుగా ఉంది మహేంద్రా. ఓ గార్డుని చూసి కుళ్లుకుంటున్నా, నవ్వుకో కావాలంటే. నీ పక్కన కూచున్నప్పుడు ఆయన మొహం చూశావా? వెలిగిపోతుంటుంది. నేను కనపడ్డానో లేదో ఇద్దరూ సర్దుకుంటారు. నిన్ను తిట్టి అటు తిరగ్గానే నవ్వులు. నాకు వినపడవనుకున్నారా? సొంత కూతురు మీకు వేళాకోళమైపోయింది.”

“అయ్యో, అది కాదు మేడం. చెప్పకూడదు. మాటిచ్చాను.”

“చెప్పకపోతే మిల్లు.”

“ఎల్తానన్నాను కదా.”

“అయితే పంపను. ఎప్పటికీ ఆ జనరేటర్ పక్కనే.”

“బాబోయ్! చెప్తాను, చెప్తాను. మీరు మలుపు తిరగ్గానే మెల్లిగా ఊదడానికిచ్చారు ఆ విజిలు. మీరొచ్చేలోగా కళ్లజోడు తుడిచి పెట్టుకోవాలట.”

“నన్ను చూడ్డానికి కళ్లజోడు తుడవడమేంటి?”

“నడుం మీద చెయ్యేసుకుని మీరు నన్ను దులిపేస్తుంటే, మీ అమ్మగారు గ్రేసమ్మగారే ఎదురుగా నిలబడ్డట్టుంటాదట. మీరెళ్లాక నవ్వేది అందుకే. ఒక్కోరోజు ఏడుస్తారు కూడా. అది మీకు వినపడదు. అయ్యో, నీళ్లు తేనా మేడం?”

“వద్దు. ఆగు. నన్ను చూడ్డానికే అయితే ఉమేష్ దగ్గర కూచోవచ్చుగా? చందు దగ్గర కూచోవచ్చు. అందరి దగ్గరికీ వస్తాను నేను రౌండ్‌కి. ఆ కంపులో, ఆ మోతలో, నిన్నే ఎందుకు పట్టుకు వేలాడ్డం?”

“వాళ్ల దగ్గరికి పొద్దున్న ఓసారొచ్చి పోతారు మేడం. నన్ను ఏ మూల వేస్తే ఆ మూలకి రోజంతా చెకింగ్‌కొస్తూనే ఉంటారు కదా, మిమ్మల్ని కళ్లారా చూడాలంటే నా పక్కనే కూచోవాలని ఆయన కనిపెట్టేశారు.”